టింగుమన్నదల్లా డబ్బు కాదు

మా ఆఫీసు వెనక సందులో ఒక టీ బండి ఉంది. మాదాపూర్‌లో పనిచేసే ప్రతివాడికీ ఇలాంటి బండి ఒకటి తెలిసే ఉంటుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన బాబాయ్, పక్కన పిన్ని, రెండు స్టవ్వులు, సీసాలో ఉస్మానియా బిస్కెట్లు, బండికి వేలాడుతూ ఒక క్యూఆర్ కోడు, డబ్బు పడ్డప్పుడల్లా టింగుమని మోగి ఎంత పడిందో గట్టిగా చెప్పే ఒక డబ్బా. మూడేళ్ళుగా నా ఉదయం అక్కడే మొదలవుతోంది.

పోయిన వేసవిలో ఒకరోజు వెళ్తే క్యూఆర్ కోడు మీద అట్టముక్క కట్టేసి ఉంది. "ఏమైంది బాబాయ్?" అంటే, "అకౌంటు ఆపేసినారు బాబూ, నువ్వు ఆ పేమెంట్ల పనే కదా చేసేది, కాస్త చూడు" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. చూశాను. ఏదో రాష్ట్రంలో ఎవరినో ఎవడో ఆన్‌లైన్‌లో మోసం చేశాడట. ఆ డబ్బు నాలుగైదు ఖాతాలు తిరిగింది. అలా తిరిగిన ఖాతాల్లో ఒకదాన్నుంచి ఎవడో మన బాబాయ్ దగ్గర నాలుగు టీలు తాగి 60 రూపాయలు కొట్టాడు. అంతే. ఖాతాలో ఇరవై మూడు వేల చిల్లర ఉంటే, 60 రూపాయల కోసం మొత్తానికి తాళం. బ్యాంకుకెళ్తే "మా చేతిలో లేదు, ఆ రాష్ట్రం పోలీసులకి మెయిల్ పెట్టుకోండి" అన్నారు. బాబాయ్‌కి మెయిలంటే ఏంటో తెలియదు. నేనే రాశాను, ఇంగ్లీషులో, అటాచ్‌మెంట్లతో. ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ పాలవాడికి ఆయన అప్పు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసులో ఒక డెమో జరిగింది. డిజిటల్ కరెన్సీతో తక్షణ చెల్లింపు. ఫోను ఫోనుకి తాకిస్తే చాలు, సెకనులోపే డబ్బు అటునుంచి ఇటు. చూపించినవాడు నాకు మంచి స్నేహితుడే, పైగా తెలివైనవాడు. తాకించగానే టింగుమంది. గదంతా చప్పట్లు. నేనూ కొట్టాను, అలవాటు కొద్దీ. తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఒళ్ళు మండింది. ఆ మంటే ఈ టపా.

అసలు తాకించి డబ్బు కట్టడం కొత్తా? హాంకాంగ్‌లో ఆక్టోపస్ కార్డు 1997లో వచ్చింది. సోనీ వాళ్ళ ఫెలికా చిప్పు. మెట్రో గేటు దగ్గర తాకిస్తే సెకనులో మూడో వంతులో పని అయిపోతుంది, ఆ క్షణంలో ఏ సర్వర్‌నీ అడగక్కర్లేదు, విలువ కార్డులోనే ఉంటుంది. ఆ కార్డుతోనే కిళ్ళీకొట్టులాంటి షాపుల్లో కూడా కొనుక్కున్నారు జనం. జపాన్‌లో సుయికా 2001 నుంచీ ఉంది. మన దగ్గరే 2021 జనవరి నుంచి 5,000 రూపాయల దాకా కార్డు తాకించి పిన్ లేకుండా కట్టొచ్చు. వేగం, స్పర్శలేమి అన్నవి పాతికేళ్ళ క్రితమే తేలిపోయిన లెక్కలు. వాటిని ఈరోజు కొత్త సరుకులా డబ్బాలో పెట్టి అమ్ముతుంటే, ఇంజనీర్లమై ఉండి మనం చప్పట్లు కొట్టడమేంటి?

వేగం సంగతే అయితే యూపీఐ చాలదా? 2016లో మొదలైంది, 2025 ఆగస్టులో ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. ఇంత పెద్దది ప్రపంచంలో ఇంకోచోట లేదు. నేను యూపీఐకి వ్యతిరేకిని కాను, నా అన్నం అందులోంచే వస్తోంది. ఎన్ఎఫ్‌సీని కాదని క్యూఆర్‌ని పట్టుకోవడం మనవాళ్ళు చేసిన గొప్ప పని. పది రూపాయల ప్రింటుతో బాబాయ్ కూడా వ్యాపారి అయిపోయాడు, మెషిన్ కొనక్కర్లేకుండా. కానీ యూపీఐలో కదిలేది డబ్బు కాదు, ఉత్తర్వు. నా ఆప్ ఎన్‌పీసీఐకి చెప్తుంది, ఎన్‌పీసీఐ నా బ్యాంకుని తీసెయ్యమంటుంది, బాబాయ్ బ్యాంకుని వెయ్యమంటుంది. బ్యాంకులు తమలో తాము తర్వాత తీరిగ్గా లెక్క తీర్చుకుంటాయి. బాబాయ్‌కి దక్కింది బ్యాంకు ఆయనకి బాకీ ఉన్నట్టు ఒక ఎంట్రీ మాత్రమే. ఈ గొలుసులో ఎవరు తుమ్మినా బేరం ఆగిపోతుంది. 2025 మార్చి 26న ఆగింది, మళ్ళీ ఏప్రిల్ 12న ఆగింది. ఇక బాకీ ఉన్నవాడు "ప్రస్తుతానికి ఇవ్వను పో" అంటే ఏమవుతుందో బాబాయ్‌ని అడగండి.

నోటు సంగతి వేరు. ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. 1748లో స్కాట్లాండ్‌లో హ్యూ క్రాఫర్డ్ అని ఒకాయన 20 పౌండ్ల నోట్లు రెండు పోస్టులో పంపాడు. జాగ్రత్తపరుడు, పంపేముందు నోట్ల వెనక సంతకం పెట్టుకున్నాడు. నోట్లు చేరలేదు, దారిలో ఎవడో కాజేశాడు. కొన్నాళ్ళకి అందులో ఒకటి రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్‌లో తేలింది. "ఇదిగో నా సంతకం, నా నోటు నాకిచ్చెయ్యండి" అని కోర్టుకెళ్ళాడు. 1749లో కోర్టు కుదరదంది. నోటు దొంగసొత్తే కావచ్చు, కానీ దాన్ని నిజాయితీగా పుచ్చుకున్నవాడి చేతిలో అది వాడిదే. అలా కాకపోతే ప్రతి దుకాణదారుడూ ప్రతి నోటు జాతకం చూసుకుంటూ కూర్చోవాలి, వ్యాపారమే నడవదు. దాదాపు 280 ఏళ్ళ క్రితం జడ్జీలకి అర్థమైన ఈ ముక్క మన ఇరవై ఒకటో శతాబ్దపు సిస్టమ్‌లో లేదు. నాలుగు టీలకి నాలుగు పదిహేన్లు కాగితం రూపంలో వచ్చి ఉంటే బాబాయ్ గల్లాపెట్టెకి తాళం వెయ్యడానికి ఎవరూ వచ్చేవారు కాదు.

ఇప్పుడు డిజిటల్ రూపాయి దగ్గరకొద్దాం. 2022 ఫైనాన్స్ చట్టంతో రిజర్వ్ బ్యాంకు చట్టాన్ని సవరించి, నోటు అనే మాటకి డిజిటల్ రూపాన్ని కూడా చేర్చారు. ఆ ఏడాది అక్టోబరులో ఆర్‌బీఐ కాన్సెప్ట్ నోట్ వచ్చింది. డిసెంబరు 1న సామాన్య జనానికి పైలట్ మొదలైంది, ముందు ముంబై, ఢిల్లీ, బెంగళూరు, భువనేశ్వర్, రెండో జాబితాలో మన హైదరాబాద్. ఇది బ్యాంకు బాకీ కాదు, ఆర్‌బీఐ బాకీ, అంటే అచ్చం నోటే. 500, 200 అని నోట్ల విలువల్లోనే ఇస్తారు, వడ్డీ రాదు. చదివినప్పుడు నాకు నిజంగా సంబరమేసింది. ఇన్నాళ్ళకి ఫోన్లోకి నోటు వస్తోంది అనుకున్నాను. పిచ్చిమొహాన్ని.

వచ్చిందేంటి? ఇంకో ఆప్. బ్యాంకు ఇచ్చే ఆప్, సిమ్‌కి ముడిపెట్టి, పిన్ పెట్టి. 2023లో యూపీఐ క్యూఆర్‌తో కూడా కలిపేశారు. కలపడం తప్పని కాదు, మరీ అంత కలిసిపోయాక వాడేవాడికి తేడా ఎక్కడ కనపడుతుంది? అదే స్కాన్, అదే పిన్, అదే టింగు. మా అమ్మకి చూపిస్తే "ఇది నీ ఫోన్లో ముందే ఉందిగదరా" అంది. అమ్మే కాదు, దేశమూ అదే అంది. రోజుకి పది లక్షల లావాదేవీలు అని లక్ష్యం పెట్టుకుని, 2023 డిసెంబరు చివర్లో దాన్ని అందుకున్నారు, ఎలాగంటే బ్యాంకులు తమ ఉద్యోగుల అలవెన్సులు ఈ-రూపీలో వేశాయి కాబట్టి. తర్వాత ఆరు నెలలకి అది లక్ష దగ్గరకి జారిందని వార్తలొచ్చాయి. ఆఫీసు పిక్నిక్‌కి హాజరు వేయించినట్టుంది :-) 2025 మార్చికి చెలామణిలో ఉన్న ఈ-రూపీ 1,016 కోట్లు. చెప్పుకోడానికి బాగానే ఉంది కానీ, బయట తిరుగుతున్న నోట్లు 36 లక్షల కోట్ల పైమాటే. లక్ష రూపాయల నోట్లకి ముప్ఫై రూపాయలు కూడా లేదన్నమాట. డిజిటల్ అంటే పడని జనమా మనం? నెలకి రెండు వేల కోట్ల సార్లు స్కాన్ చేస్తున్నవాళ్ళమే. నోటుకున్న గుణాలు ఇందులో ఏవీ చేతికి తగల్లేదు కనుకే పట్టించుకోలేదు.

ఏంటా గుణాలంటే, చెయ్యి మారితే కథ అయిపోవాలి. మధ్యలో ఎవర్నీ అడగకూడదు. నేనెవరో, ఏం కొన్నానో మూడోవాడికి తెలియకూడదు. అమ్మేవాడి దగ్గరైనా, ఎరువుల కొట్టులోనైనా, బిచ్చగాడి చేతిలోనైనా ఒకేలా చెల్లాలి. తాకించడం, సెకనులోపు అవడం ఈ నాలుగింటి తర్వాతి సంగతి. ఇవి లేకుండా ఎంత వేగంగా టింగుమన్నా అది యూపీఐకి ఇంకో చొక్కా.

మనవాళ్ళు వెంటనే ఎత్తే అభ్యంతరం నాకు తెలుసు: "ఆఫ్‌లైన్లో డబుల్ స్పెండింగ్ ఎలా ఆపుతావురా?" మంచి ప్రశ్నే. కాగితం నోటుని జిరాక్స్ తీస్తే తెలిసిపోతుంది, బైట్లకి కంట్రోల్ సీ, కంట్రోల్ వీ. కానీ ఇది ఎవరూ ముట్టని లెక్కేం కాదు. డేవిడ్ చామ్ అనే ఆయన 1982లోనే బ్లైండ్ సిగ్నేచర్ కనిపెట్టాడు. కార్బన్ పేపర్ పెట్టిన కవరు ఊహించుకోండి. నా నాణెం లోపల పెట్టి ఇస్తాను, బ్యాంకు కవరు పైన సంతకం చేస్తుంది, అచ్చు లోపలి కాగితం మీద పడుతుంది. సంతకం తనదే, కానీ ఏ నాణెం ఎవరికిచ్చిందో బ్యాంకుకే తెలియదు. 1988లో ఫియట్, నవోర్‌లతో కలిసి దాన్ని ఆఫ్‌లైన్‌కి తీసుకెళ్ళాడు. నాణేన్ని ఒక్కసారి ఖర్చుపెడితే నువ్వెవరో గణితరీత్యా తెలియదు. అదే నాణేన్ని రెండోసారి పెడితే, ఆ రెండు లావాదేవీల ముక్కలు కలిసి నీ పేరు బయటపెట్టేస్తాయి. మొదటిసారి ఆ పేపర్ చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు, ఇంత అందమైన ఆలోచన కాలేజీలో ఒక్కడూ చెప్పలేదేంటని. ఆయన పెట్టిన డిజిక్యాష్ కంపెనీ 1998లో దివాలా తీసింది, అది వేరే ఏడుపు.

నిజమే, అలా దొరికేది తప్పు జరిగాక. అందుకని ఫోన్లోనో కార్డులోనో ట్యాంపర్ చెయ్యడానికి వీలులేని చిప్పు, దాంట్లో ఒక చిన్న పరిమితి. ఆక్టోపస్ ఇన్నేళ్ళుగా నడుస్తోంది చిప్పు నమ్మకం మీదే. మన యూపీఐ లైట్ ఎక్స్ కూడా 2023లో ఎన్ఎఫ్‌సీతో ఆఫ్‌లైన్ చెల్లింపు తెచ్చింది. చిక్కేంటంటే రెండువైపులా ఎన్ఎఫ్‌సీ ఫోను ఉండాలి, బాబాయ్ ఫోన్లో అది లేదు. ఆ చిక్కుకి జవాబు చవకైన కార్డు, బండి మీదున్న ఆ అరిచే డబ్బాలో ఒక రీడరు. ఇది ఇంజనీరింగ్ సమస్య, మనకి జీతాలిచ్చేది ఇలాంటివాటికే. ఫోను పోతే డబ్బు పోతుందా అంటే, పోతుంది. పర్సు పోతే పోవట్లేదా? అందుకే పరిమితి చిన్నది.

రెండో అభ్యంతరం నల్లధనం. గోప్యత ఇస్తే దొంగలు వాడుకుంటారట. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దుచేసి దేశమంతటినీ లైన్లో నిలబెట్టాం. ఆర్‌బీఐ వార్షిక నివేదిక లెక్క ప్రకారం 99.3 శాతం నోట్లు వెనక్కొచ్చేశాయి. నల్లధనం గుట్టలుగుట్టలుగా నోట్ల రూపంలోనే ఉందనుకున్నవాళ్ళ అంచనా ఏమైందో ఆ ఒక్క అంకె చెప్తుంది. నేనడుగుతున్నది కోట్ల బదిలీకి ముసుగు కాదు. టీ, కూరగాయలు, మందులు, ఆటో, గుళ్ళో హుండీ. నేను ఏ మాత్రలు కొన్నానో ఎవరికి కావాలి? ఆర్‌బీఐ కాన్సెప్ట్ నోట్‌లోనే చిన్న మొత్తాలకి గోప్యత, పెద్ద మొత్తాలకి జాడ అన్న మాట ఉంది. మాట బాగుంది. ఐతే ఈ-రూపీతో కొన్న టీ బ్యాంకు స్టేట్‌మెంటులో కనపడదు, వాలెట్‌లో వేసుకున్న మొత్తమే కనపడుతుంది అని దాన్నే గోప్యత అంటున్నారు. బాబూ, స్టేట్‌మెంటులో కనపడకపోవడం వేరు, సర్వర్‌కి తెలియకపోవడం వేరు. ఆన్‌లైన్లో నడిచే ప్రతి లావాదేవీ ఒక సర్వర్ మీదుగా వెళ్తుంది. వెళ్ళినదాన్ని లాగ్ చెయ్యని సర్వర్‌ని మీరెప్పుడైనా చూశారా? నేను చూళ్ళేదు, నేనే రాశాను అలాంటివి, డీబగ్గింగ్ కోసం అన్నీ ప్రింట్ చేసి, తర్వాత తీసెయ్యడం మర్చిపోయి. 2017లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కంది. హక్కుని పాలసీ పేజీలో కాకుండా ప్రోటోకాల్‌లో రాయొచ్చని చామ్ దారి చూపించాడు. యూరప్ వాళ్ళు 2023 జూన్ డిజిటల్ యూరో ప్రతిపాదనలో, ఆఫ్‌లైన్ చెల్లింపుల వివరాలు బ్యాంకులకి గానీ సెంట్రల్ బ్యాంకుకి గానీ అందకూడదని చట్టం ముసాయిదాలోనే రాసుకున్నారు. మనం అలాంటి వాక్యం ఒక్కటైనా అడిగామా?

మనం అడగలేదు సరే, మనకి ఇచ్చిందేంటో చూడండి. 2024 ఫిబ్రవరి ద్రవ్య విధాన ప్రకటనలో ఈ-రూపీకి రెండు కొత్త సంగతులు చెప్పారు: ఒకటి ఆఫ్‌లైన్, రెండోది ప్రోగ్రామబిలిటీ. రెండోది ఆర్నెల్లలో పొలం గట్టుకి చేరింది. స్టేట్ బ్యాంకు ఒడిశాలో, ఆంధ్రలో కొద్దిమంది కౌలు రైతులతో పైలట్ మొదలెట్టింది. అప్పు ఈ-రూపీలో ఇస్తారు, అది విత్తనాలు, ఎరువులు లాంటి సాగు సామగ్రి కొనడానికే చెల్లుతుంది. దీని వెనక వాదన కొట్టిపారేసేది కాదు. కౌలు రైతుకి పొలం కాగితం లేదు, కాగితం లేదని బ్యాంకు అప్పివ్వదు. డబ్బు సాగుకే వెళ్తుందని గ్యారంటీ ఉంటే, ఆ ఖర్చే వాడు రైతని రుజువు. విన్నప్పుడు నాకూ సబబుగానే అనిపించింది.

పండక్కి ఊరెళ్ళినప్పుడు మా మావయ్యకి చెప్పాను. తెనాలి దగ్గర నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు. అంతా విని, "మరి నాట్ల కూలి?" అన్నాడు. అంతే అడిగాడు. నాట్లేసిన ఆడవాళ్ళకి ఆ సాయంత్రమే చేతిలో డబ్బు పెట్టాలి. ట్రాక్టరు బాడుగ, డీజిలు, కోత కూలి, ముందుగా కట్టాల్సిన కౌలు. వాటికి చెల్లని డబ్బు చేతిలో ఉంటే, చెల్లే డబ్బు కోసం మళ్ళీ మూడు రూపాయల వడ్డీకి వెళ్ళాలి. పైగా ఫలానా కొట్లోనే చెల్లుతుందంటే బేరమాడే మొహం ఎక్కడుంటుంది? కొట్టువాడికి ముందే తెలుసు, ఈ రూపాయి ఇంకో గడప తొక్కదని. "బస్తా కొన్నట్టు రాసి, వందకి పది కోసుకుని నోట్లిస్తాళ్ళే కొట్టు శేషయ్య" అని అత్తయ్య లోపల్నుంచి అంది. మన ప్రోగ్రామబుల్ మనీకి హ్యాక్ రాయడానికి మా అత్తయ్యకి పట్టిన టైము అర నిమిషం.

కౌలు రైతుకి అప్పు పుట్టాలి, ఒప్పుకుంటాను. దానికి 2019లో ఆంధ్రలో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఉంది, దాని కింద కార్డులున్నాయి, అవి సరిగ్గా ఇచ్చి బ్యాంకుల చేత ఒప్పించడం ఒక పని. అది కష్టం. కోడు రాయడం తేలిక. తేలికైన పని మన నెత్తిన పెట్టి, మనం ఎగబడి చేస్తున్నాం. ఎరువుకే చెల్లే రూపాయి రాయగలిగినవాడు రేపు ఫలానా తేదీలోపు ఖర్చుపెట్టకపోతే మాయమయ్యే రూపాయి రాయగలడు, ఫలానా ఊళ్ళోనే చెల్లే రూపాయీ రాయగలడు. ఇఫ్ కండిషన్ ఒకటి మార్చాలి, అంతే కదా. ఈ రోజు ఎవరూ అలా రాయట్లేదు, నేనూ ఎవరి మీదా నింద వెయ్యట్లేదు. కానీ ఫీల్డ్ డేటాబేస్‌లో ఉన్నాక దాన్ని వాడే రిక్వైర్‌మెంట్ రాక మానదని పదేళ్ళ సర్వీసున్న ఎవడికైనా తెలుసు.

కొంచెం ఘాటుగానే రాశానని తెలుసు, మా ఆఫీసువాళ్ళు కూడా చదువుతారు. చదివితే మంచిదే. వచ్చే డెమోలో ఫోన్లు తాకించే ముందు వైఫై ఆపండి, డేటా ఆపండి. పుచ్చుకున్నవాడు కూడా నెట్ లేకుండానే ఆ డబ్బుని మూడోవాడికి ఇవ్వగలగాలి, చూపించండి. తర్వాత నెట్ వచ్చినప్పుడు సర్వర్‌కి ఏమేం వెళ్తున్నాయో ప్యాకెట్లు తెర మీద వెయ్యండి. వాలెట్ ఆపేసే ఎండ్‌పాయింట్ ఉందా, ఉంటే దాన్ని పిలిచే హక్కు ఎవరికుంది, ఎంత మొత్తానికి, ఎన్ని రోజులకి, పొరపాటైతే బాబాయ్ ఎవరికి ఫోన్ చెయ్యాలి, తెలుగులో. ఇవి స్లైడులో ఉంటే లేచి నిలబడి చప్పట్లు కొడతాను.

బాబాయ్ ఖాతా చివరికి తెరుచుకుంది. క్యూఆర్ కోడు మళ్ళీ వేలాడుతోంది, డబ్బా మళ్ళీ అరుస్తోంది. కానీ ఇప్పుడు రాత్రి బండి కట్టేసే ముందు పిన్ని రోజూ సందు చివర ఏటీఎమ్‌కి వెళ్ళి ఆ రోజు పడినదంతా తీసుకొచ్చేస్తోంది. నెలకి ఇన్నిసార్లకన్నా ఎక్కువ తీస్తే ఛార్జీ పడుతుంది పిన్నీ అని చెప్పాను. "పడనీ బాబూ" అంది, స్టీలు డబ్బాలో నోట్లు సర్దుకుంటూ.